దిగులుకో టైము

“టెన్షన్ పడకండి” అనే సలహా మీద నాకున్న కోపం మీకు కొత్త కాదు. ఈ వారం అది మళ్లీ రాజుకుంది. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు పొద్దున్నే నడిచే మా నల్లకుంట బృందంలో ఒక మాస్టారున్నారు. స్టెంటు పడ్డ మనిషి. నాలుగడుగులకోసారి వాచీలో పల్సు చూసుకుంటారు. తార్నాక మిత్రుడొకాయన భుజం తట్టి ఆ సలహానే ఇచ్చాడు. మాస్టారు వెంటనే మళ్లీ చూసుకున్నారు. “98! పెరిగింది చూశారా?” నడుస్తుంటే పెరగదా మరి!

దిగులంటే మా అమ్మదే. క్యాంపస్ నుంచి నేను రావడం ఆలస్యమైతే వీధి గుమ్మంలో కూర్చునేది. ఫీవరాసుపత్రి వైపు నుంచి వచ్చే ప్రతి సైకిలూ నాదేననుకునేది. ఇల్లు చేరగానే, “నేనింత దిగులు పడబట్టే క్షేమంగా వచ్చావురా” అనేది. “ఆ దిగులే నిన్ను మంచాన పడేస్తుంది” అని నాన్న కసిరితే దానికీ తలూపేది. మానేస్తే కొడుక్కి కీడు, మానకపోతే తనకు కీడు. ఇక ఆవిడకు దారేది?

మాంచెస్టర్‌లో అడ్రియన్ వెల్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పట్టుకున్నది సరిగ్గా ఈ ముడినే. మనిషిని వదలకుండా పీడించేది వచ్చిన ఆలోచన కాదు, దాని గురించి అతను నమ్ముతున్నది అంటారాయన. దిగులు పడితేనే జాగ్రత్తగా ఉంటానని ఒక నమ్మకం, అది నా చేతిలో లేదు, నా ప్రాణం తీస్తుందని ఇంకొకటి. ఇంగ్లండులో గుండెజబ్బు తర్వాత పునరావాస చికిత్సకు వచ్చిన 332 మందితో ఆయన బృందం చేసిన అధ్యయనం 2021లో ‘సర్క్యులేషన్’ పత్రికలో వచ్చింది. మామూలు చికిత్సతో పాటు ఆయన పద్ధతిలో ఆరు గ్రూపు సెషన్లు కూడా తీసుకున్నవారిలో ఆందోళన, కుంగుబాటు మరింత తగ్గాయి. ఈ పద్ధతిలో దిగులుకు కారణం ఉందా లేదా అని వాదించరు, సాయంత్రానికి వాయిదా వేసి చూడమంటారు. వాయిదా పడిందంటే అది మన చేతిలో ఉన్నట్టే కదా!

దిగులు పడే హక్కు మనిషికుందని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు వాదించానో మీకు తెలుసు. ఆ హక్కు ఇప్పటికీ కాదనను. కానీ దిగులు కాపలా కాస్తుందన్న మాటను మాత్రం ఇక వెనకేసుకురాను. మాస్టారి వాచీ ఆయన చేతికే ఉండనివ్వండి, డాక్టరు చూసుకోమన్నప్పుడు చూసుకుంటారు. దిగులు సాయంత్రం ఆరింటికి పడొచ్చు. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే మాత్రం వాయిదాల్లేవు, 108కి ఫోన్ చేయాల్సిందే.