రాగానికి బహుమతి, తప్పెటకి నిరీక్షణ
(ఇళయరాజా సంగీతంపై ఒక పరిశీలన)

ఇళయరాజా గురించి మాట్లాడమంటే మనవాళ్లు 'దేవుడిచ్చిన వరం' అంటారు. 'ఇసైజ్ఞాని' అని ఒక దండం పెట్టి ఊరుకుంటారు. ఈ దండం వెనక ఒక తప్పించుకోవడం వుంది. వరం అనేశాక ఎవరు నేర్పారు, ఏ తలుపు తెరుచుకుంది, ఏది తెరుచుకోలేదు అని అడిగే పనే వుండదు. మేం ఆ ప్రశ్నలే అడగదలుచుకున్నాం.

1943లో తమిళనాడులోని పణ్ణైపురంలో దళిత కుటుంబంలో పుట్టిన రాసయ్యకి మొదటి బడి కమ్యూనిస్టు పార్టీ సభావేదిక. అన్న పావలర్ వరదరాజన్ నడిపే ప్రచార పాటల బృందంలో పద్నాలుగేళ్లకే చేరి ఊరూరా తిరిగాడు. 1968 ప్రాంతంలో మద్రాసు చేరి ధనరాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం, స్టాఫ్ నొటేషన్ నేర్చాడు. జి.కె.వెంకటేశ్ దగ్గర సహాయకుడిగా పనిచేశాడు. 1976లో 'అన్నక్కిళి'తో సంగీత దర్శకుడయ్యాడు.

ఇక్కడ నొటేషన్ చిన్న విషయం కాదు. శాస్త్రీయ సంగీతం గురుముఖతః రావాలంటారు. గురువు ముఖం చూడాలంటే ముందు గురువు ఇంటి గడప దాటాలి గదా! కాగితం మీది స్వరానికి ఆ గడప లేదు. చదవడం వచ్చినవాళ్లదే అది. టి.వి.గోపాలకృష్ణన్ దగ్గర ఆయన కర్ణాటక సంగీతమూ నేర్చాడు కాబట్టి తలుపులన్నీ మూసేశారని మేం అనం. కాని రికార్డింగ్ స్టూడియోలో ఆయన్ని నిలబెట్టింది వంశం కాదు, ప్రతి వాయిద్యానికీ ఏం వాయించాలో రాసిచ్చే శక్తి. తలరాత కాదు, చేతిరాత. ఇంట్లో మొట్టమొదట యూనివర్సిటీ మెట్లెక్కిన మాలాంటి వాళ్లకి దీని విలువ ఒకరు చెప్పనక్కర్లేదు.

మరి ఈ సంగీతాన్ని దేశం ఎప్పుడు గుర్తించింది? ఆయన మొదటి మూడు జాతీయ అవార్డులు చూడండి. 'సాగరసంగమం' (1983), 'సింధుభైరవి' (1985), 'రుద్రవీణ' (1988). మూడూ శాస్త్రీయ కళల చుట్టూ తిరిగే కథలే. పల్లె బాణీలతో తమిళ సినిమా పాటనే మార్చిన 'అన్నక్కిళి'కి ఆ అవార్డు లేదు. ఊరి కళాకారుల బతుకు మీద తీసిన 'తారై తప్పట్టై' నేపథ్య సంగీతానికి అవార్డు వచ్చింది 2016లో. తప్పట్టై అంటే మన తప్పెట లాంటిదే. రాగానికి వెంటనే దొరికిన గౌరవం కోసం తప్పెట నలభై ఏళ్లు ఆగాల్సొచ్చింది.

'రుద్రవీణ' మనకి బాగా తెలిసిన సినిమా. బిలహరి గణపతిశాస్త్రి సంగీతాన్ని మడిలో దాచుకుంటాడు. కొడుకు దాన్ని జనం మధ్యకి తెస్తాడు, కింది కులం పిల్లని ప్రేమిస్తాడు. మంచి కథే, కాదనం. అయితే ఈ కథలో సంగీతం పైనుంచి కిందికి దిగే దానం. తెర వెనక జరిగింది దీనికి తలకిందులు. తండ్రి మడి సంగీతానికీ కొడుకు జనం సంగీతానికీ బాణీ కట్టింది పణ్ణైపురం దళితుడే. కథ చెప్పలేని ఈ నిజాన్ని మన విమర్శకులూ చెప్పలేదు. అది బాలచందర్ సంస్కార దృష్టి గురించి రాసినంతగా ఈ వైరుధ్యం గురించి రాయలేదు.

ఆయన తనని దళిత కళాకారుడనడాన్ని ఒప్పుకోడు. 2022లో ఒక పుస్తకం ముందుమాటలో అంబేద్కర్‌తో నరేంద్ర మోదీని పోల్చాడు. అంబేద్కరిస్టులు గట్టిగా విమర్శించారు. ఆ విమర్శ న్యాయమైందే. అదే ఏడాది రాజ్యసభకి నామినేట్ అయ్యాడు. అయినా మాదొక ప్రశ్న. అగ్రవర్ణ విద్వాంసుణ్ణి నీ కులం ఎందుకు చెప్పవని ఎవరూ నిలదీయరే! ఆయన కులం 'సంప్రదాయం' అనే పేరుతో చెలామణీ అవుతుంది. కులం చెప్పాల్సిన బరువు, చెప్పకపోతే పడాల్సిన మాట, రెండూ మనవాళ్లకే.

కాబట్టి ఇళయరాజా నోటివెంట ఒక మాట రాబట్టడం మన పని కాదు. ఆయన రాజకీయాన్ని విమర్శిద్దాం, పాటని ఒదులుకోవద్దు. ఏ పాటలో తప్పెట ఎక్కడ మోగింది, అది ఎవరి చేతి దరువు, దాన్ని పాట ముందు నిలబెట్టారా, పెళ్లి సందడికో జాతర సీనుకో పరిమితం చేశారా అని విద్యార్థులు చెవి పెట్టి విని రాయాలి. దండాలు చాలా అయ్యాయి. ఇక లెక్కలు తేలాలి.