గరిటె ఎవరి చేతిలో ఉంది?

అమెరికాలో ఒక్క రోజు ఫ్రెంచి సంస్కృతినీ తిండినీ రుచి చూద్దామనుకునేవాళ్లు మామూలుగా ఏం చేస్తారు? పారిస్ పేరు పెట్టుకున్న బేకరీలో క్రోసాన్ తిని, మ్యూజియంలో మోనే బొమ్మలు చూసి, రాత్రికి ఖరీదైన హోటల్లో బల్ల ఖాయం చేసుకుంటారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ రోజు ఏ పెద్ద నగరంలోనైనా దొరుకుతుంది, ఆ ఊరికే సొంతమైనది అందులో ఏమీ ఉండదు. అమెరికా నేలలో ఫ్రెంచితనం నిజంగా వేళ్లూనుకున్న నగరం న్యూ ఆర్లియన్స్. 1718లో బియాన్‌విల్ అనే ఫ్రెంచి అధికారి మిసిసిపీ నది వంపులో నెలకొల్పిన ఊరది. 1762లో రహస్య ఒప్పందం మీద స్పెయిన్‌కు పోయింది, మళ్లీ ఫ్రాన్స్ చేతికొచ్చింది, 1803లో లూసియానాతోపాటు అమెరికా కొనుక్కుంది. అక్కడ ఫ్రెంచి రోజు గడపదలచినవాళ్లు జెండాలనూ వీధుల పేర్లనూ కాక చేతిపనిని వెంబడించాలని నేనంటాను. ఎందుకంటే ఆ ఊళ్లో ఫ్రెంచి పద్ధతిని ఇన్నాళ్లు బతికించిన చేతుల్లో చాలావరకు ఫ్రాన్స్ నుంచి వచ్చినవి కావు.

మొదటి సాక్ష్యం కళ్లెదుటే ఉంటుంది. యాత్రికులంతా మొదట వెళ్లే ఫ్రెంచ్ క్వార్టర్‌లో ఇళ్లు ఎక్కువగా ఫ్రెంచివి కావు. 1788లో ఒకసారి, 1794లో మరోసారి ఆ పేట కాలిపోయింది. తిరిగి కట్టేనాటికి ఏలుబడి స్పెయిన్‌ది. ఇటుక గోడలు, లోపలి పెరళ్లు ఆ తరవాతి కాలానివి. ఫ్రెంచి పాలనలో కట్టి ఇంకా నిలిచి ఉన్నవాటిలో ముఖ్యమైనది 1750లలో పూర్తయిన అర్సులిన్ సన్యాసినుల మఠం. ఉదయం ఆ మఠం ముందు పది నిమిషాలు నిలబడి, చుట్టూ ఉన్న మేడలతో దాన్ని పోల్చి చూస్తే చాలు, గోడల్లో ఫ్రాన్స్‌ను వెతికితే దొరికేది ఎంత కొంచెమో తెలిసిపోతుంది.

అక్కడికి నాలుగడుగుల్లోనే ఫ్రెంచ్ మార్కెట్. 1862 నుంచీ ఉన్న కఫే దు మోండ్‌లో పాలు కలిపిన చికోరీ కాఫీ, పంచదార పొడి దట్టంగా చల్లిన బెన్యేలు ఇస్తారు. చికోరీ కలిపిన కాఫీ తెలుగువాళ్ల నాలుకకు కొత్త కాదు. ఆ చేదు, ఆ చిక్కదనం మొదటి గుక్కలోనే పోల్చుకుంటాం. ఫ్రాన్స్‌లో నెపోలియన్ కాలంలో ఓడల రాకపోకలు ఆగి కాఫీగింజలు కరువైనప్పుడు ఆ వేరు వేయించి కలపడం పెరిగింది. న్యూ ఆర్లియన్స్‌లో అంతర్యుద్ధపు దిగ్బంధం దాన్ని స్థిరపరిచింది. బెన్యే బాగానే ఉంటుంది గానీ, నన్నడిగితే ఆ ఉదయం తప్పక తినవలసింది కాలా. వండిన అన్నాన్ని మెదిపి, రాత్రంతా పులియబెట్టి, పొద్దున గుడ్డూ పిండీ పంచదారా జాజికాయా కలిపి, ఉండలుగా నూనెలో వేయించే తినుబండారం అది. నల్లజాతి స్త్రీలు తట్ట నెత్తిన పెట్టుకుని ఫ్రెంచిలో కేకవేస్తూ వీధి వీధీ తిరిగి అమ్మేవారు. 1719లో లూసియానా చేరిన తొలి బానిస ఓడలను ఆఫ్రికాకు పంపినప్పుడే, వరి పండించడం తెలిసినవాళ్లను కొందరిని, విత్తనపు వడ్లను కూడా తెమ్మని కెప్టెన్లకు ఆదేశాలున్నాయి. అంటే ఫ్రెంచి కాలనీ ఆకలి తీర్చిన వరి వెనక ఆఫ్రికా రైతుల విద్య ఉంది. స్పానిష్ చట్టం కింద బానిస తన వెల తాను చెల్లించి విడుదల కావచ్చు. అలా వీధిలో తిండి అమ్మి కూడబెట్టిన డబ్బుతో స్వేచ్ఛ కొనుక్కున్న స్త్రీలున్నారు.

మధ్యాహ్నానికి గంబో. నా వాదనకంతా ఆధారం ఆ ఒక్క గిన్నెలో ఉంది, కాబట్టి అది ఎలా తయారవుతుందో కొంచెం నిదానంగా చూడాలి. దానికి పునాది ‘రూ’, అంటే కొవ్వులో వేయించిన గోధుమపిండి. ఫ్రాన్స్‌లో దీన్ని వెన్నతో చేస్తారు. తెల్లటి సాస్‌కైతే పచ్చివాసన పోయేదాకా వేయించి దింపేస్తారు. ముదురు సాస్‌కైనా లేత గోధుమరంగు దగ్గర ఆపుతారు. లూసియానా వంటమనిషి అక్కడ ఆగదు. అంతసేపు మంటమీద ఉంటే వెన్నలోని పాలపదార్థం మాడిపోతుంది కనుక నూనో పందికొవ్వో వాడుతుంది. నూనె ఎంతో పిండి అంత. మందపాటి మూకుడు, సన్న సెగ, చదును గరిటె. మొదట తెల్లగా నురగలు కక్కుతుంది. తరవాత గడ్డిరంగు, వేరుశనగ ముద్ద రంగు, రాగి రంగు, చివరికి చాక్లెట్ రంగు. వాసన కూడా రంగుతోపాటే మారుతుంది. కాల్చిన రొట్టె వాసన పోయి, వేయించిన గింజల వాసన వచ్చి, ఆపైన కాఫీగింజల చేదు తగులుతుంది. ముప్పావుగంట పాటు గరిటె ఆపకూడదు, మూకుడు అడుగంతా తాకుతూ తిరగాలి. ఒక్క నల్ల మచ్చ కనిపించిందా, మొత్తం పారబోసి మళ్లీ మొదలుపెట్టడమే. ముదిరేకొద్దీ పిండికి చిక్కబరిచే శక్తి తగ్గుతుంది, రుచి పెరుగుతుంది. ఫ్రాన్స్‌లో ముఖ్యంగా చిక్కదనం కోసం పుట్టిన పద్ధతి ఇక్కడ రుచి కోసం వాడే పద్ధతి అయిందన్నమాట. కావలసిన రంగు రాగానే తరిగిన ఉల్లిపాయ, సెలరీ, క్యాప్సికం అందులో గుమ్మరిస్తారు. వాటి తడికి చుయ్యిమని వేడి తగ్గి, రంగు అక్కడే నిలిచిపోతుంది. ఫ్రాన్స్‌లోనైతే మూడోది క్యారెట్. ఇక్కడ దాని చోటు క్యాప్సికం తీసుకుంది.

చిక్కదనం పోయింది కదా, మరి గంబోకు ఆ జిగి ఎక్కణ్ణించి వస్తుంది? ఒక దారి బెండకాయ. మన ఇళ్లలో జిగురు పోవాలని బెండకాయను తుడిచి ఆరబెట్టి వేయిస్తామే, అక్కడ ఆ జిగురే కావాలి. గంబో అన్న పేరు కూడా ఆఫ్రికా భాషల్లో బెండకాయకున్న పేరు నుంచి వచ్చిందే. రెండో దారి ఫీలే, అంటే సాసఫ్రాస్ చెట్టు ఆకుల పొడి. అది ఆ నేల ఆదివాసులైన చోక్తావ్‌ల వంట విద్య. దాన్ని పొయ్యి మీదుండగా వేసి మరిగిస్తే తీగలు సాగుతుంది, అందుకే దింపాక కలుపుతారు. పునాది ఫ్రాన్స్‌ది, పేరూ కాయా ఆఫ్రికావి, ఆకు చోక్తావ్‌లది, పక్కన వడ్డించే అన్నం వెనక మళ్లీ ఆఫ్రికా రైతు. వీటిలో ఏ ఒక్కటి తీసేసినా మనకు తెలిసిన గంబో కాకుండా పోతుంది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. ‘కలయిక’ అనే తియ్యటి మాట బానిసత్వాన్ని కప్పెయ్యదా అని. కప్పేస్తుంది, జాగ్రత్తపడకపోతే. సంపన్నుల ఇళ్లలో గరిటె పట్టిన స్త్రీలు అక్కడికి కోరి రాలేదు. 1724లో లూసియానాలో అమలైన ‘కోడ్ న్వార్’ అనే ఫ్రెంచి శాసనం మనిషిని ఆస్తిగా లెక్కగట్టింది. బానిసలకు కాథలిక్ బాప్తిస్మం ఇవ్వాలనీ ఆదివారం పని చేయించకూడదనీ చెప్పిందీ ఆ శాసనమే. ఆ ఆదివారపు సాయంత్రాల్లో ఊరి వెనక మైదానంలో వాళ్లు డప్పులు వాయించి, నాట్యమాడి, సరుకులమ్ముకున్నారు. అదే కాంగో స్క్వేర్, ఇప్పుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పార్కులో ఉంది. ఫ్రెంచ్ క్వార్టర్ నుంచి నడిచి వెళ్లేంత దూరం. అది లేకుండా వేసుకున్న ఫ్రెంచి రోజును నేను అబద్ధమనే అంటాను. ఫ్రెంచి చిత్రకారుడు దేగా బొమ్మలు ఇష్టపడేవాళ్లకు ఎస్ప్లనేడ్ అవెన్యూలో ఆయన 1872–73లో బంధువులతో కలిసి ఉన్న ఇల్లు చూడాలనుంటుంది, చూడాల్సిందే. ఆయన తల్లి పుట్టింది ఆ ఊళ్లోనే. అయితే అక్కడి మేనమామ పత్తి కార్యాలయాన్ని ఆయన గీసిన బొమ్మలో బల్లమీద పరిచిన తెల్లటి పత్తి ఎవరు ఏరిందో కూడా ఆ మధ్యాహ్నం గుర్తుండాలి.

మరి ఇన్ని చేతులు పడ్డాక దీన్ని ఫ్రెంచి అనడమెందుకు, భాషే పోయింది కదా అనేవాళ్లున్నారు. భాష మీద దెబ్బ పడిన మాట నిజమే. 1921 రాష్ట్ర రాజ్యాంగం బడుల్లో ఇంగ్లీషు ఒక్కటే ఉండాలంది. 1968లో ఫ్రెంచిని నిలబెట్టడానికి ప్రభుత్వమే ఒక మండలి పెట్టేసరికి రెండు తరాలు ఆ భాషకు దూరమయ్యాయి. కానీ అంతకుముందు ఆ భాషను ఆదుకున్నదెవరు? 1809లో క్యూబా మీదుగా తొమ్మిది వేలకు పైగా సాన్ దొమాంగ్ (ఇప్పటి హైతీ) శరణార్థులు ఆ ఊరికొచ్చి జనాభాను దాదాపు రెట్టింపు చేశారు. వాళ్లలో సుమారు మూడింట రెండు వంతులు స్వతంత్రులో బానిసలో అయిన ఆఫ్రికా సంతతివాళ్లు. అమెరికా పాలనలో ఫ్రెంచి మరికొన్ని తరాలు బతకడంలో వాళ్ల పాలు పెద్దది. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాం సంగతి తెలిసిన మనకు, ఒక దేశపు జెండా వేరు, దాని పద్ధతులను తమవిగా చేసుకున్న జనం వేరు అని విడమరిచి చెప్పనక్కర్లేదు. న్యూ ఆర్లియన్స్ గంబోను ఫ్రెంచి అనడం తప్పు కాదు, ఫ్రెంచి మాత్రమే అనడం తప్పు.

రోజు ముగించడానికి ట్రెమే పేటలోని డూకీ చేజ్ హోటల్‌కు వెళ్లమంటాను. 1941లో మొదలైంది. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఒక బల్ల దగ్గర కూర్చోవడం చట్టవిరుద్ధమైన కాలంలో పౌరహక్కుల కార్యకర్తలు దాని మేడమీద సమావేశమయ్యేవారు, అక్కడి వంటమనిషి లియా చేజ్ వాళ్లకు గంబో వడ్డించేది. తొంభయ్యారేళ్ల వయసులో, 2019లో ఆమె పోయింది. ఈస్టరుకు ముందొచ్చే పవిత్ర గురువారం నాడు ఆమె వండిన ఆకుకూరల గంబో ఆ ఊళ్లో పేరుపడ్డది. తొమ్మిది రకాల ఆకులు వేసేది, లెక్క బేసి సంఖ్యలోనే ఉండాలని నియమం. వేసిన ఒక్కో ఆకుకూ ఆ ఏడు ఒక్కో కొత్త స్నేహం దొరుకుతుందని నమ్మకం. శాకాహారులు తొందరపడి సంతోషించవద్దు, ఆమె గిన్నెలో మాంసమూ సాసేజీలూ ఉండేవి. మాంసం మానే శుక్రవారానికి ముందు రోజు కడుపునిండా తినడానికి వండినది మరి. ఆవ ఆకు, టర్నిప్ ఆకు, బీట్‌రూట్ ఆకు, పాలకూర, క్యాబేజీ కడిగి కడిగి ఇసుక పోగొట్టి, ఉడికించి, మెత్తగా చేసి, ఉడికించిన నీళ్లు పారబోయకుండా అందులోనే పోసి, చివర పొయ్యి మీంచి దింపాక ఫీలే కలుపుతారు.