మార్చ్‌లో మధ్యమ శ్రుతి

విజయనగరం సంగీతమంటే వీణ, వయొలిన్, హరికథ. 1919లో మహారాజా వారు పెట్టిన సంగీత కళాశాల, దానికి తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, అక్కడే వయొలిన్ నేర్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కమాను: ఇదంతా మన ఊరి ఆస్తి. ఆ రోజుల్లోనే ఊపులో ఉన్న బ్యాండు మార్చ్‌ని మాత్రం మనం సంగీతం కింద జమకట్టం. పరేడ్‌లో కాళ్లు కలపడానికి వాయించే చప్పుడనుకుంటాం. ఇది చాలా అన్యాయం.

‘కల్నల్ బోగీ’నే తీసుకోండి. 1914లో అచ్చయింది. కట్టినవాడు ఎఫ్.జె. రికెట్స్, బ్రిటిష్ పటాలంలో బ్యాండ్‌మాస్టర్. కెన్నెత్ ఆల్ఫర్డ్ అన్నది ఆయన కలం పేరు. 1957 నాటి ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’ సినిమాలో యుద్ధఖైదీలు ఈల వేస్తూ నడిచేది ఈ వరసకే. ఎత్తుగడ రెండే స్వరాలు: పంచమం, దాని కింద గాంధారం. గోల్ఫ్ ఆడే ఓ అధికారి ముందున్నవాళ్లను హెచ్చరించడానికి వేసిన ఈల అదేనని చెబుతారు. ఇక నడక సంగతి. పెద్ద డ్రమ్ము, ట్యూబా సరిగ్గా దెబ్బ మీద పడతాయి. దెబ్బకీ దెబ్బకీ మధ్య సందులో హారన్లు పలుకుతాయి. కాలిని ఎత్తించేది ఆ సందే.

అసలు అందం ‘ట్రయో’ అనే మలిభాగంలో ఉంది. ఆ కాలపు మార్చ్‌లు చాలావాటిలో అక్కడ శ్రుతి మారి, మధ్యమమే షడ్జమమవుతుంది. పాత షడ్జమం కొత్త శ్రుతికి పంచమం. పాత ఆధారంతో వింటే కాకలి నిషాదం కైశికిగా దిగి, శంకరాభరణం హరికాంభోజి అయిపోతుంది! గొంతు తగ్గుతుంది, వరస సాగుతుంది, కింద యుఫోనియం వేరే పాట అందుకుంటుంది. అమెరికావాడు సూసా తన మార్చ్‌లను చాలావరకు ఆ కొత్త శ్రుతిలోనే ముగించాడు. మన కచేరీల్లోనూ పున్నాగవరాళి, సెంజురుట్టి లాంటివి చివర్లో మధ్యమ శ్రుతిలోనే కదా పాడతాం! ముత్తుస్వామి దీక్షితులు వారు బ్యాండు వరసలకు సంస్కృత సాహిత్యం కట్టి, నొట్టుస్వరాలుగా మనకిచ్చారు. ఆయనకు లేని చిన్నచూపు మనకెందుకు?

శ్రీకాకుళం, విజయనగరం పెళ్లి ఊరేగింపుల్లో క్లారినెట్, ట్రంపెట్ పట్టే కళాకారులు ఎండలో నడుస్తూ ఊపిరంతా పెట్టి వాయిస్తారు. వాళ్లను విద్వాంసులుగా చూడాలి. సంగీత కళాశాల పిల్లలకు నాదొక విన్నపం. ఈసారి తంబురా పక్కన పెట్టుకుని ఒక మార్చ్ పూర్తిగా వినండి. ట్రయో దగ్గర ఆపి, స్వరాలు రాసుకోండి. ఆ రాసిందాన్ని మీ ఊరి బ్యాండు మేస్త్రి గారి దగ్గరకు తీసుకెళ్లి, ఆయన చేత వాయించుకోండి.