గళ్ళ నుడికట్టులో ఆధారం, వివరణ: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

గళ్ళ నుడికట్టులోని గూఢమైన ఆధారం పూరకుణ్ణి దారి తప్పించవచ్చు. అబద్ధం మాత్రం చెప్పకూడదు. ఈ రెంటికీ నడుమ ఉన్న గీతను ఆధారం దాటిందో లేదో జవాబు చూస్తే తెలియదు, వివరణ రాసి చూస్తేనే తెలుస్తుంది. తెలుగు ఆధారాలకు అక్షరం, విభక్తి, సంధి, శ్లేష అనే నాలుగు చోట్ల ఈ పరీక్షను ఎలా పెట్టాలో, దండి చెప్పిన ప్రహేళికా భేదాల వెలుగులో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: గళ్ళ నుడికట్టు, ప్రహేళిక, ఆధారం, వివరణ, సంధి, దండి.

1. ఉపోద్ఘాతం:

ఆర్థర్ విన్ కూర్చిన తొలి గళ్ళ నుడికట్టు 1913 డిసెంబరు 21న 'న్యూయార్క్ వరల్డ్' పత్రికలో వెలువడింది. అందులోని ఆధారాలు ప్రధానంగా సూటి నిర్వచనాలు. పదసంపద, లోకజ్ఞానం ఉన్నవారు వాటిని పూరించగలరు. జవాబును చెబుతూనే దాచే గూఢమైన ఆధారం బ్రిటన్‌లో ఎదిగింది. 1926 నుంచి 'అబ్జర్వర్' పత్రికకు టార్క్విమాడా అనే కలంపేరుతో గడులు కూర్చిన ఎడ్వర్డ్ పోవిస్ మేథర్స్ ఆ పద్ధతికి పేరు తెచ్చాడు. ఆయన తరువాత ఆ బాధ్యత స్వీకరించిన డి. ఎస్. మెక్‌నట్, జిమెనిజ్ అనే కలంపేరుతో 1966లో వెలువరించిన గ్రంథంలో న్యాయమైన ఆధారానికి లక్షణం ఏర్పరచాడు. దాని ప్రకారం ఆధారంలో జవాబుకు కచ్చితమైన అర్థసూచన ఒకటి, ఆ జవాబును అక్షరాలా నిర్మించే శబ్దసూచన ఒకటి ఉండాలి. మూడోది ఏదీ ఉండకూడదు.

తెలుగులో ఈ కూర్పును శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులు చేపట్టారు. గళ్ళ నుడికట్టు, పదబంధ ప్రహేళిక, గడినుడి అన్న పేర్లు వ్యాప్తిలో ఉన్నాయి. వీటిలో 'ప్రహేళిక' అన్న మాట ఈ ఆధునిక వినోదాన్ని ప్రాచీన అలంకారశాస్త్ర చర్చకు దగ్గర చేస్తుంది. ఆ దగ్గరితనం ఎంతవరకు నిజమో తేల్చుకోవడం అవసరం.

2. ప్రహేళికపై లాక్షణికుల దృష్టి:

దండి కావ్యాదర్శం మూడో పరిచ్ఛేదంలో పదహారు ప్రహేళికలను లక్షణసహితంగా చెప్పాడు. వాటికి మూడు ప్రయోజనాలను పేర్కొన్నాడు: క్రీడాగోష్ఠులలో వినోదం, జనం మధ్య తెలిసినవారు రహస్యంగా మాట్లాడుకోవడం, ఇతరులను భ్రమింపజేయడం. వ్యాఖ్య ఉంటేనే బోధపడే కావ్యం పండితులకు పండుగే కాని మందమతులకు చేటని భామహుడు ఆక్షేపించాడు. సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు ప్రహేళిక రసానికి అడ్డు కనుక అది అలంకారమే కాదన్నాడు.

గళ్ళ నుడికట్టు కావ్యం కాదు కాబట్టి విశ్వనాథుని ఆక్షేపణ దానికి తగలదు. భామహుని మాట మాత్రం తగులుతుంది. వ్యాఖ్య అవసరం కావడం కావ్యానికి దోషమైతే, నుడికట్టులోని ఆధారానికి ఆ వ్యాఖ్యే గీటురాయి. దండి చెప్పిన మూడో ప్రయోజనం దగ్గర కూడా దారులు వేరవుతాయి. న్యాయమైన ఆధారం పూరకుణ్ణి కొంతసేపు భ్రమింపజేస్తుంది కాని, చివరికి అతడు గెలవాలనే కోరుకుంటుంది.

3. అక్షరం, విభక్తి:

ఆంగ్లంలో గడికి ఒక వర్ణం. తెలుగులో గడికి ఒక అక్షరం: గుణింతం, ఒత్తు, సున్న అన్నీ కలిసిన ముద్ద. అవధానంలోని న్యస్తాక్షరి, వ్యస్తాక్షరి కూడా ఈ ప్రమాణంతోనే నడుస్తాయి. ఈ భేదం చిన్నదిగా కనిపించినా ఆధారాల స్వభావాన్నే మారుస్తుంది. తొమ్మిది వేర్వేరు వర్ణాలున్న ఆంగ్లపదాన్ని 3,62,880 విధాలుగా కలగాపులగం చేయవచ్చు. తెలుగు జవాబుల్లో విస్తారంగా కనిపించే మూడక్షరాల పదానికి ఆరు వరుసలు, నాలుగక్షరాల పదానికి ఇరవై నాలుగు వరుసలే సాధ్యం. అందువల్ల అక్షరాలను చెదరగొట్టడం ఒక్కటే తెలుగు పూరకుణ్ణి ఎక్కువసేపు నిలపలేదు. మరుగుపరిచే పని పైఅర్థం మీద పడుతుంది.

ఈ చర్చకోసం కూర్చిన ఒక ఆధారం: "తిరగబడిన కడపే నిద్రకు చోటు (3)". పైకి ఇది ఒక ఊరి తిరుగుబాటు గురించి చెబుతున్నట్టుంది. 'తిరగబడిన' అన్నది అక్షరాలను వెనుకనుంచి చదవమనే ఆజ్ఞ. క-డ-ప తిరగబడితే ప-డ-క. 'నిద్రకు చోటు' అర్థసూచన. 'కడపే'లోని ఏకారం ఈ రెండు భాగాలూ ఒకటేనని చెబుతుంది. ఏ మాటా మిగలలేదు. జవాబు 'పడక'.

విభక్తి ప్రత్యయాలు పదానికి అతుక్కుని ఉండడం తెలుగు కూర్పరికి అదనపు బాధ్యత. "మానవ లక్షణంలో దాగిన పెద్ద కథ (3)" అన్న ఆధారంలో మా'నవ ల'క్షణం మధ్యనుంచి 'నవల' బయటపడుతుంది. ఇక్కడ 'లో' పైఅర్థంలోనూ లోపలి అర్థంలోనూ విభక్తిగానే పనిచేసింది. అదే 'లో'ను మొదటి ఆధారంలో వాడి "తిరగబడిన కడపలో నిద్రకు చోటు" అంటే, జవాబు లోపల దాగి ఉందన్న తప్పుడు సూచన చేరుతుంది. వాక్యం అందంగానే ఉంటుంది, జవాబూ వస్తుంది. కాని వివరణ రాసేటప్పుడు 'లో'కు పని దొరకదు.

4. సంధి, శ్లేష:

దండి చెప్పిన ప్రహేళికలలో మొదటిది 'సమాగత'. పదాలు సంధిలో కలిసిపోయి అర్థం మరుగున పడడం దాని లక్షణం. తెలుగు నుడికట్టుకు ఇంతకన్న దగ్గరి పూర్వరూపం లేదు. "కలకు వరం తోడైతే ఆందోళనే (4)" అన్న ఆధారంలో కల, వరం మార్పు లేకుండా చేరి 'కలవరం' అయ్యాయి. "వాళ్ళతో భార్య కలిస్తే ఏడేసి రోజులు (3)" అన్నచోట పని ఒక మెట్టు పెరిగింది. వాళ్ళు అంటే 'వారు', భార్య అంటే 'ఆలు'. ఉకారసంధి జరిగి 'వారాలు' ఏర్పడింది. నిజానికి వారాలు అన్నది వారం శబ్దానికి బహువచనం. ఆధారం దాన్ని వేరేచోట విరిచింది. ఇలా విరిచినా మోసం కాదు, ఎందుకంటే ఆ రెండు మాటలను కలిపే సూత్రం కూర్పరి సొంతం కాదు, వ్యాకరణానిది. పూరకుడికీ కూర్పరికీ సమానంగా తెలిసిన చట్టం కాబట్టి 'సంధి చేయండి' అని వేరుగా చెప్పనక్కరలేదు.

దండి 'వంచిత' అన్న మరో భేదంలో, ఒక అర్థంలో రూఢమైన శబ్దాన్ని వేరొక అర్థంలో వాడి మోసగించడం ఉంది. "నోట్లో ఉన్నా ప్రభుత్వానికి చెల్లించేదే (2)" అన్న ఆధారం ఆ దారిలోనిది. ప్రభుత్వం, చెల్లింపు అన్న మాటల సాహచర్యం వల్ల 'నోట్లో' అంటే కరెన్సీ నోటులో అని తోస్తుంది. అది నోటిలో అని గ్రహించిన క్షణాన దంతం, సుంకం రెండూ అయిన 'పన్ను' దొరుకుతుంది.

'సంఖ్యాత'లో లెక్కే భ్రమకు కారణమని దండి చెప్పాడు. నుడికట్టులో కుండలీకరణంలోని అంకె ఇందుకు విరుద్ధంగా పూరకుడికి సహాయం. 'పుస్తకం' మూడు గడులు, 'పుస్తకము' నాలుగు గడులు. ఏ రూపం కావాలో ఆ అంకె తేల్చిపెడుతుంది.

5. ఆధారదోషం:

"కాలం తిరగబడితే రావణుడి ఊరు (2)" అన్న ఆధారాన్ని తీసుకుంటే, పైఅర్థం గొప్పగా ఉంది. రామాయణ కథాసారమంతా అందులో ధ్వనిస్తుంది. కాని కా-లం తిరగబడితే వచ్చేది 'లంకా'. గడిలో నింపవలసింది 'లంక'. ఆంగ్ల గడిలో ఒక వర్ణం తప్పితే ఎవరూ క్షమించరు. తెలుగులో దీర్ఘం తప్పితే సర్దుకుపొమ్మనడం అక్షరప్రమాణాన్నే కాదనడం. ఇదే ఆధారాన్ని "కాలం తిరగబడి, చివర దీర్ఘమూ పోయిన రావణుడి ఊరు (2)" అని సవరిస్తే వాక్యం కొంత బరువెక్కుతుంది, ధ్వని తగ్గుతుంది. అయినా అది నిజం చెబుతుంది. నుడికట్టులో ఈ రెంటిలో ఒకటే దక్కేటప్పుడు కూర్పరి రెండోదాన్నే ఎంచుకోవాలి. అడ్డం జవాబులోని ఆ దీర్ఘం నిలువు జవాబులో కూడా అక్షరమే. ఒకచోట చూపిన ఉదాసీనత మరోచోట తప్పై కూర్చుంటుంది.

6. వివరణ ఆవశ్యకత:

మరుసటి సంచికలో నింపిన గడిని మాత్రమే ప్రకటించి ఊరుకుంటే, 'లంక' అన్న జవాబును చూసిన పూరకుడు తన సందేహం సరైనదో కాదో తెలుసుకోలేడు. తప్పు తన అజ్ఞానానిదే అనుకుంటాడు. కొత్తగా వచ్చినవారు నాలుగైదు సార్లు ఇలా ఓడి, ఇది పండితుల వ్యవహారమని తప్పుకుంటారు. భామహుడు చెప్పిన చేటు అక్కడ నిజమవుతుంది. ప్రతి మాటకూ పని చూపే వివరణ తోడైతే, ఓడినవాడికి కూడా ఉకారసంధి ఒక ఆయుధంగా చేతికి వస్తుంది. తరువాతి గడికి అతడు మెరుగైన పూరకుడై వస్తాడు. కూర్పరికీ అది అద్దమే. వివరించలేని ఆధారాన్ని ప్రకటించడానికి అతడే జంకుతాడు.

వివరణ వల్ల వినోదం చల్లారిపోతుందనే అభ్యంతరం ఉంది. పొడుపుకథను విప్పినవారు దాన్ని మరొకరికి పొడవడానికి ఉత్సాహపడడం వాడుకలో ఉన్నదే. విప్పిన తరువాత రుచి పోయే ఆధారంలో మొదటినుంచీ ఉన్నది చిక్కు మాత్రమే, చమత్కారం కాదు.

7. ముగింపు:

జిమెనిజ్ సూత్రం ఆంగ్ల వర్ణాల మీద నిలిచింది. దాన్ని తెలుగుకు తెచ్చుకోవాలంటే వర్ణం స్థానంలో అక్షరాన్నీ, అతికింపు స్థానంలో సంధినీ, విడిమాటల స్థానంలో విభక్తి ప్రత్యయాలనూ నిలుపుకోవాలి. దండి ప్రహేళికా భేదాలు మరుగుపరిచే మార్గాలను చూపుతాయి కాని, ఎంతవరకు మరుగుపరచవచ్చో తేల్చే హద్దును వివరణే గీస్తుంది. గోష్ఠిలో తెలిసినవారికే పరిమితమైన ప్రహేళికను అచ్చులోని గడి ముక్కూమొహం తెలియని వేలమంది ముందు పరుస్తుంది. వారు కూర్పరిని ప్రశ్నించే వీలు లేదు. ఆ లోటు తీర్చి, వారినీ తజ్ఞులతో సమానంగా కూర్చోబెట్టే మార్గం జవాబుతోపాటు వివరణనూ అచ్చువేయడమే.