బండి కింద పనితనం

పాత అంబాసిడర్‌ను చూసినవాళ్లు బానెట్ నిగనిగలను మెచ్చుకుంటారు. నేనైతే వంగి కిందికి చూస్తాను. మెకానిక్ ఎలాంటివాడో బ్రేకు పైపులే చెప్తాయి.

2014 దాకా ఉత్తరపారాలో తయారైన ఆ కారుకైనా, కడప పల్లెల్లో జనాన్ని మోసిన మహీంద్రా జీపుకైనా పైపులు ఉక్కువే. అక్కడి పెండ్లిమర్రి ఎండల్లో తుప్పు సముద్రపు ఒడ్డున పట్టినంత తొందరగా పట్టదు. కానీ బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పైపును లోపలి నుంచే తినేస్తుంది. పైగా ఒలికితే పెయింటు ఊడగొడుతుంది. అందుకే వెండి రంగు పూసి మెరిపించే పని నాకు నచ్చదు.

మంచి పనివాడు పైపు విప్పి, ఎమరీతో రుద్ది, గుంటలున్నాయేమో వేలితో తడిమి చూస్తాడు. ఉంటే అదిక కొలతకే; దాని వంపులు చూసి కొత్తది వంచుతాడు. ముందు నట్టు ఎక్కించి, ఆ తర్వాతే మొనను రెండు మడతలుగా ఫ్లేర్ చేస్తాడు. జింకు పూతకు పంపేముందు ఆమ్లం లోపలికి పోకుండా రెండు మొనలూ మూస్తాడు. పసుపు ఛాయతో తిరిగొచ్చిన పైపు కంటికి పండగే! రాగి పైపు సులువుగా వంగుతుంది గానీ అదురుకు గట్టిపడి చీలుతుంది. రాగి, నికెల్ కలిసినది మేలు.

బిగించాక బ్రేకు తొక్కిస్తూ పైపుల్లోని గాలి తీయాలి.

"తొక్కబ్బీ!"

"తొక్కినా అన్నా!"

"అట్నే పట్టుకో!"

బుడగలు ఆగేదాకా ఇవే కేకలు. ఆఖరున ప్రతి నట్టునూ పొడిగుడ్డతో తుడిచి, మళ్లీ గట్టిగా తొక్కిస్తాడు. చెమ్మ కనిపించిందా, పని మొదటికే.