తల్లి పలుకు, సిపాయి మౌనం: సరోజినీ నాయుడు 'ద గిఫ్ట్ ఆఫ్ ఇండియా' కవితలో సైనిక గౌరవం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

పరాయి రాజ్యం కోసం పరాయి నేలపై పోరాడిన సైనికుణ్ని గౌరవించడం, ఆ యుద్ధాన్ని సమర్థించడం ఒకటేనా? ప్రథమ ప్రపంచ యుద్ధ కాలంలో భారతీయ రచయితలను ఈ ప్రశ్న తీవ్రంగా ఎదుర్కొంది. హైదరాబాదు మహిళల యుద్ధ సహాయ సంఘం నివేదిక కోసం 1915 డిసెంబరులో సరోజినీ నాయుడు రాసిన ఆంగ్ల కవిత 'ద గిఫ్ట్ ఆఫ్ ఇండియా'ను కేంద్రంగా తీసుకొని, చంద్రధర్ శర్మ గులేరీ హిందీ కథ 'ఉస్నే కహా థా', ముల్క్ రాజ్ ఆనంద్ ఆంగ్ల నవల 'అక్రాస్ ద బ్లాక్ వాటర్స్', సిపాయిల ఉత్తరాలతో పోల్చి చూడడం ఈ వ్యాస లక్ష్యం. ఈ కవిత సైనికుని మరణాన్ని పాలకులు తీర్చవలసిన రుణంగా మలచింది. అయితే అందుకు మూల్యంగా సైనికుని గొంతును మౌనంలో ఉంచింది. ఇదే ఈ వ్యాసం ప్రతిపాదించే ప్రధానాంశం.

కీలకపదాలు: సరోజినీ నాయుడు, ప్రథమ ప్రపంచ యుద్ధం, సిపాయి, మాతృరూపకం, యుద్ధ సాహిత్యం, హైదరాబాదు.

1. ఉపోద్ఘాతం

'ద గిఫ్ట్ ఆఫ్ ఇండియా' 1917లో వెలువడిన 'ద బ్రోకెన్ వింగ్' సంపుటిలో చేరింది. కళాశాలల్లో భారతీయ ఆంగ్ల సాహిత్యం చదివేవారికి ఇది సుపరిచితమైన రచన. దీనిని సాధారణంగా రెండు విధాలుగా చదవవచ్చు. సామ్రాజ్య యుద్ధానికి భారతదేశం అర్పించిన కానుకను కీర్తించే రాజభక్తి కవితగా చూడడం మొదటిది. ఆ కానుకకు బదులు కోరే జాతీయవాద కవితగా చూడడం రెండవది. ఈ రెండు పఠనాలూ కవితలో మాట్లాడే తల్లి చుట్టూనే తిరుగుతాయి. ఆ తల్లి ఎవరిని గురించి మాట్లాడుతున్నదో ఆ సిపాయి స్థానం ఏమిటన్న ప్రశ్న ఈ రెండింటిలోనూ వెనుకబడుతుంది. ఈ వ్యాసం ఆ ప్రశ్నతో మొదలవుతుంది.

2. నేపథ్యం: అడగకుండా ప్రకటించిన యుద్ధం

1914 ఆగస్టులో బ్రిటన్ యుద్ధంలోకి దిగినప్పుడు భారతీయుల సమ్మతిని ఎవరూ కోరలేదు. అయినా పది లక్షలకు పైగా భారతీయులు సముద్రాలు దాటి ఫ్రాన్సు, ఈజిప్టు, మెసపొటేమియా, తూర్పు ఆఫ్రికా రణరంగాలకు వెళ్లారు. వారిలో పోరాడే సిపాయిలతో పాటు కూలీలు, వంటవాళ్లు, పశువులను తోలేవాళ్లు కూడా ఉన్నారు. 74,000కు పైగా మరణించారు.

ఈ యుద్ధంపై దేశంలో ఏకాభిప్రాయం లేదు. 1914లో లండన్‌లో ఉన్న గాంధీ అంబులెన్సు దళం ఏర్పాటుకు పూనుకున్నారు. సరోజినీ నాయుడుతో ఆయన తొలి పరిచయం కూడా ఈ సందర్భంలోనిదే. సైనికుల కోసం కత్తిరించిన బట్టల కుప్పను ఆమె తన ముందుంచి, కుట్టించి తెమ్మని అప్పగించినట్లు ఆయన తన ఆత్మకథలో రాసుకున్నారు. ఇందుకు పూర్తిగా ఎదురుగా గదర్ పార్టీ నిలిచింది. బ్రిటిషు సైన్యంలోని భారతీయ సిపాయిలే తిరగబడాలని అది ప్రచారం చేసింది. ఆ పార్టీలో పనిచేసిన దరిశి చెంచయ్య తెలుగువారు. ఆయన ఆత్మకథ 'నేనూ నా దేశం' తెలుగు పాఠకులకు ఆ ఉద్యమాన్ని దగ్గర చేసింది. 1915 ఫిబ్రవరిలో సింగపూరులో ఐదవ లైట్ ఇన్‌ఫాంట్రీ సిపాయిలు తిరుగుబాటు చేశారు. మార్చిలో భారత రక్షణ చట్టం వచ్చింది. యుద్ధాన్ని బహిరంగంగా ప్రశ్నించడం ప్రమాదకరమైన ఆ ఏడాది చివరలోనే ఈ కవిత పుట్టింది.

హైదరాబాదుకు ఈ యుద్ధం దూరపు వార్త కాదు. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ధనంతోను, సైన్యంతోను బ్రిటిషు వారికి తోడ్పడ్డారు. 1918లో ఆయన పొందిన 'హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్' బిరుదు వెనుక ఈ తోడ్పాటు ఉంది. హైదరాబాదు లాన్సర్లు ఈజిప్టులో, ఆ తరువాత పాలస్తీనాలో పనిచేశారు. కవితలో ఈజిప్టు ఇసుక ప్రస్తావన వచ్చినప్పుడు, సహాయ సంఘంలోని మహిళలకు అది తమ నగరం నుంచి వెళ్లిన రౌతులు ఉన్న చోటు.

3. కానుక నుంచి రుణం దాకా

యుద్ధ సహాయ సంఘాల నివేదికలు సాధారణంగా జమాఖర్చుల పట్టికలు. ఎన్ని బట్టలు కుట్టారు, ఎంత సొమ్ము పంపారు అన్నది అందులో ఉంటుంది. కవిత ఆరంభం కూడా అలాంటి పట్టికనే తలపిస్తుంది. వస్త్రం, ధాన్యం, బంగారం ఇచ్చాను, ఇంకా ఏం కావాలని దేశమాత అడుగుతుంది. అంతలోనే ఏ పట్టికలోనూ ఎక్కని కానుకను, అంటే కన్నబిడ్డలను, ఆ వరుసలో చేర్చుతుంది. దాతృత్వ భాషను వాడుతూనే దాని లెక్కలు సరిపోవని చూపడం ఇక్కడి నేర్పు. నివేదిక చదివే దొరసానులకు, అధికారులకు ఇది మర్యాదగానే వినిపిస్తుంది. కానీ ఇచ్చిన దానిని ఏకరువు పెట్టడం అంటే పుచ్చుకున్నవారికి బాకీ గుర్తు చేయడమే.

చివరి చరణంలో ఆ బాకీ స్పష్టమవుతుంది. ద్వేషం చల్లారి శాంతి నెలకొన్న నాడు, మీ పంక్తుల్లో నిలిచి పోరాడిన సహచరులకు కృతజ్ఞత చెప్పుకునే వేళ, ఈ బిడ్డల నెత్తురును కూడా స్మరించండని తల్లి కోరుతుంది. యుద్ధం న్యాయమైనదా కాదా అన్న మాట కవితలో ఎక్కడా లేదు. యుద్ధ లక్ష్యాన్ని పక్కనపెట్టి మరణాన్ని మాత్రమే ముందుకు తెచ్చి, ఆ మరణం మీద హక్కు అడగడం ఈ కవిత ఎంచుకున్న మార్గం. భారత రక్షణ చట్టం అమలులో ఉన్న కాలంలో, ఓటు హక్కు లేని ఒక స్త్రీ బహిరంగంగా మాట్లాడడానికి మాతృస్థానం వీలైన వేదిక. కాబట్టి కారణాన్ని అడగకపోవడాన్ని పిరికితనంగా చూడడం అన్యాయం. దానిని ఒక రకమైన బేరసారంగా అర్థం చేసుకోవడం ఉచితం.

అయితే ఆ బేరంలో సిపాయి ఏమయ్యాడన్నది రెండవ చరణంలోని క్రియలు తెలుపుతాయి. మరణించినవారు పర్షియా అలల చెంత పరాయి సమాధుల్లో ముత్యాలై చేరారు. ఈజిప్టు ఇసుకలో గవ్వలై చెదిరారు. ఫ్లాండర్స్, ఫ్రాన్సు పచ్చికల్లో కోసిన పూలై రాలారు. వారు చేసే పని నిద్రించడం, పడి ఉండడం. పైగా ఆ నిద్ర నిశ్శబ్దమైనదని కవిత ప్రత్యేకంగా చెబుతుంది. ముత్యం, గవ్వ, పువ్వు అనే మూడు ఉపమానాలూ అందమైనవే. మూడింటికీ నోరు లేదు. పూలను కోసింది యాదృచ్ఛికత అన్న సూచన మరింత గమనించదగినది. ఫిరంగి పేల్చినవాడు గాని, దాడికి ఆజ్ఞ ఇచ్చినవాడు గాని, ఓడ ఎక్కించినవాడు గాని అందులో కనిపించడు. 1915 మార్చిలో నూవ్ షపెల్ వద్ద భారతీయ దళాలు భారీగా నష్టపోవడం యాదృచ్ఛికం కాదు. అది సైనిక ప్రణాళిక ఫలితం. సిపాయి 'పోరాడాడు' అన్న క్రియ కవిత చివరలో ఒక్కసారి వస్తుంది. అప్పుడు కూడా అతడు 'మీ' పంక్తుల్లో నిలిచినవాడే.

4. గులేరీ కథ: మాట ఇచ్చినవాడు

ఇదే 1915లో 'సరస్వతి' పత్రికలో గులేరీ కథ 'ఉస్నే కహా థా' వచ్చింది. అమృతసర్ బజారులో పన్నెండేళ్ల బాలుడికి ఎనిమిదేళ్ల బాలిక ఎదురవుతుంది. ఇరవై ఐదేళ్ల తరువాత అతడు జమాదారు లహనాసింగ్, ఆమె అతని సుబేదారు భార్య. భర్తను, కొడుకును కాపాడమని ఆమె కోరుతుంది. కందకంలో చలిజ్వరంతో వణికే ఆ కొడుకుకు లహనాసింగ్ తన కంబళ్లు కప్పుతాడు. మారువేషంలో వచ్చిన జర్మన్ అధికారిని మాటల్లో పెట్టి పట్టేస్తాడు. తన గాయాన్ని దాచి తండ్రీకొడుకులను ఆంబులెన్సులో పంపి ప్రాణం విడుస్తాడు.

సరోజిని కవితలో సిపాయి దేశమాత ఇచ్చిన కానుక. గులేరీ కథలో అతడు తానే మాట ఇచ్చినవాడు. అతనికి హాస్యం, అనుమానం, జ్ఞాపకం, ఊరి మామిడిచెట్టు మీద మమకారం ఉన్నాయి. సైనికునికి దక్కే ప్రజాదరణను కూడా ఈ కథ ఒక చిన్న సన్నివేశంలో చూపుతుంది. సిపాయిలకు పాలు, పండ్లు ఇచ్చి డబ్బు పుచ్చుకోని ఒక ఫ్రెంచి స్త్రీ, తన దేశాన్ని రక్షించడానికి వచ్చిన రాజులని వారిని మెచ్చుకుంటుంది. స్వదేశంలో ప్రజలుగా కూడా హక్కులు లేనివారు పరదేశంలో రాజులయ్యారు. రచయిత దీనిపై వ్యాఖ్య చేయడు. చెప్పకుండా వదిలిన ఆ ఎడమే పాఠకుణ్ని ఆలోచింపజేస్తుంది.

కథ ఒక పత్రికా ప్రకటనతో ముగుస్తుంది. మృతుల జాబితాలో రెజిమెంటు సంఖ్య, హోదా, పేరు మాత్రమే ఉంటాయి. ప్రభుత్వం గుర్తించిన మరణానికి, పాఠకుడు ఎరిగిన మరణానికి మధ్య ఉన్న అగాధం ఆ పొడి వాక్యంలో బయటపడుతుంది. అయితే ఈ యుద్ధం ఎవరి కోసం అన్న ప్రశ్న గులేరీ కథలోనూ లేదు. వ్యక్తిగత ప్రమాణం ఆ ప్రశ్న స్థానాన్ని ఆక్రమించింది.

5. ఆనంద్ నవల, సిపాయిల ఉత్తరాలు

ఆ ప్రశ్నను సిపాయి నోట పలికించడానికి పాతికేళ్లు పట్టింది. రెండవ ప్రపంచ యుద్ధం మొదలైన రోజుల్లో వెలువడిన 'అక్రాస్ ద బ్లాక్ వాటర్స్' నవలలో పంజాబు రైతు యువకుడు లాలూ మార్సెయ్ రేవులో దిగుతాడు. వీధుల్లో జనం జేజేలు పలుకుతారు. తాము ఎక్కడికి వెళుతున్నదీ, ఎందుకు పోరాడుతున్నదీ మాత్రం ఆ సిపాయిలకు సరిగా తెలియదు. ఆనంద్ ఆ హర్షధ్వానాలను, ఈ అయోమయాన్ని పక్కపక్కన నిలుపుతారు. లాలూ సైన్యంలో చేరడానికి సామ్రాజ్యభక్తి కారణం కాదు. ఊరి భూస్వామి ఆగ్రహం నుంచి తప్పించుకోవడమే కారణం. నవల విజయంతో కాక అతడు జర్మనులకు చిక్కడంతో ముగుస్తుంది. తరువాతి నవల 'ద సోర్డ్ అండ్ ద సికిల్'లో తిరిగివచ్చిన లాలూకు ఆశించిన ప్రతిఫలం దక్కదు. అతడు రైతు ఉద్యమం వైపు నడుస్తాడు.

నవల కల్పన అనుకున్నా, సిపాయిల ఉత్తరాలు కల్పన కావు. ఫ్రాన్సులోని భారతీయ సైనికుల ఉత్తరాలను సెన్సారు అధికారులు చదివి, వాటి భాగాలను అనువదించి భద్రపరచారు. డేవిడ్ ఒమిస్సీ 1999లో వాటి నుంచి ఒక సంకలనం ప్రచురించారు. చాలా ఉత్తరాలు ఇతరుల చేత రాయించినవి, సెన్సారు భయంతో రాసినవి. కాబట్టి వాటిని సూటి సాక్ష్యంగా తీసుకోవడంలో జాగ్రత్త అవసరం. అయినా ఆ జాగ్రత్తలోంచే వారి యుక్తి కనిపిస్తుంది. భారతీయ దళాలను నల్లమిరియాలని, తెల్ల దళాలను ఎర్రమిరపకాయలని సంకేతంగా రాసి, నల్లమిరియాలు అయిపోతున్నాయని ఇంటికి కబురు పంపినవారున్నారు. రాజు ఉప్పు తిన్న రుణం తీర్చుకుంటున్నామని గర్వంగా రాసినవారూ ఉన్నారు. తమ్ముణ్ని సైన్యంలో చేరనివ్వవద్దని ప్రాధేయపడినవారూ ఉన్నారు. అంటే సిపాయిలలో ఒకే మనసు లేదు. 'వీరపుత్రులు' అన్న ఒకే మాటలో ఇమడని వైవిధ్యం అది. దేశమాత గొంతు ఎంత నిజాయితీగా దుఃఖించినా, ఈ వైవిధ్యాన్ని ఒక్క మౌనంగా మార్చింది.

ఇక్కడ గదర్ పార్టీ వైఖరి మరోసారి ప్రస్తావించవలసి ఉంది. దాని ప్రయత్నం విఫలమైంది, దానిలో పాల్గొన్నవారు కఠిన శిక్షలకు గురయ్యారు. అయినా సిపాయి స్వయంగా ఆలోచించి, కాదనగలవాడని అది భావించింది. యుద్ధాన్ని వ్యతిరేకించడం సైనికుణ్ని అవమానించడమన్న వాదనకు చరిత్రలోనే ఇది సమాధానం.

6. రుణానికి దొరికిన బదులు

స్మరణ కోరిన కవితకు పాలకుల నుంచి రెండు రకాల బదులు వచ్చింది. 1919 మార్చిలో రౌలట్ చట్టం అమలులోకి వచ్చింది. ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిగాయి. యుద్ధానికి అత్యధికంగా సిపాయిలను పంపిన పంజాబులోనే అది జరిగింది. అక్కడ తుపాకులు పట్టినవారు కూడా భారతీయ సైన్యపు సిపాయిలే. నోరు లేని సిపాయిని కీర్తించే గౌరవం, అదే సిపాయిని సొంత ప్రజలపైకి నడిపించే ఆజ్ఞను ఆపలేదు. ఆ ఘటన తరువాత సరోజినీ నాయుడు తన కైసర్-ఇ-హింద్ పతకాన్ని తిరిగి ఇచ్చివేశారు. కవితలో అడిగిన రుణం తీరలేదని ఆమె చేతతో ప్రకటించినట్లు దీనిని చదవవచ్చు.

రెండవ బదులు రాతిలో వచ్చింది. ఢిల్లీ ఇండియా గేటుకు 1921లో పునాది వేసి 1931లో ఆవిష్కరించారు. దానిపై 13,000కు పైగా పేర్లు చెక్కారు. హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్ల స్మారకంగా 1922లో తీన్‌మూర్తి వెలిసింది. పేర్లు, విగ్రహాలు మిగిలాయి. గులేరీ కథ చివరి ప్రకటనలాగే అవి కూడా పేరు చెప్పి మాట దాచాయి.

7. ముగింపు

- 'ద గిఫ్ట్ ఆఫ్ ఇండియా' కేవల రాజభక్తి కవిత కాదు. సహాయ నివేదిక పరిధిలోనే ఉంటూ దాతృత్వాన్ని రాజకీయ రుణంగా మార్చడం దాని బలం.
- సైనికుణ్ని ముత్యం, గవ్వ, పువ్వుగా మలచి, అతని మరణానికి కర్త లేకుండా చేయడం దాని పరిమితి. యుద్ధ కారణాన్ని అడగని గౌరవానికి మూగ సైనికుడే అనుకూలుడు.
- గులేరీ సిపాయికి మాట ఇచ్చాడు, ప్రశ్న ఇవ్వలేదు. ఆనంద్ ప్రశ్న కూడా ఇచ్చాడు. ఉత్తరాలు ఆ ప్రశ్న యుద్ధకాలంలోనే ఉందని నిరూపిస్తాయి.
- కాబట్టి ఈ కవితను బోధించేటప్పుడు సిపాయిల ఉత్తరాలను కూడా జోడించి చదివించడం అవసరం. అప్పుడు తల్లి దుఃఖం తగ్గదు. ఆమె ఎవరి కోసం దుఃఖిస్తున్నదో తెలుస్తుంది.

ప్రథమ ప్రపంచ యుద్ధం నాటి నుంచి తరతరాలుగా సైన్యానికి మనుషులను పంపిన పశ్చిమగోదావరి ప్రాంతపు మాధవరాన్ని తెలుగువారు నేటికీ 'మిలిటరీ మాధవరం' అంటారు. ఊరి పేరులోనే గౌరవం నిలిచింది. అక్కడి కుటుంబాల్లో మిగిలిన ఉత్తరాలు, పింఛను కాగితాలు, వృద్ధుల జ్ఞాపకాలను సేకరించి, సిపాయి మాటను సాహిత్య పరిశోధనలోకి తేవలసిన పని మిగిలి ఉంది. జ్ఞాపకాలు చెప్పగలిగేవారు ఏటేటా తగ్గుతున్నారు కనుక ఈ పని వాయిదాకు తగినది కాదు.