క్లచ్ లెక్క తేలేది ట్రాఫిక్‌లోనే

శక్తి పెంచిన కారులో మొట్టమొదట మొరాయించేది చాలా సందర్భాల్లో క్లచ్చే. ఎందుకంటే ఇంజిన్ నుంచి చక్రం దాకా ఉన్న భాగాల్లో పళ్లూ బోల్టులూ లేకుండా కేవలం రాపిడి మీద ఆధారపడి, నేలను పట్టిన టైరును మినహాయిస్తే, అదొక్కటే పనిచేస్తుంది. ఇంజిన్ క్రాంక్ చివర బిగించిన బరువైన ఫ్లైవీల్‌కూ, డయాఫ్రమ్ స్ప్రింగ్ బలంతో దాని మీదికి నొక్కే ప్రెజర్ ప్లేట్‌కూ నడుమ, రెండు ముఖాలకూ లైనింగ్ అతికించిన క్లచ్ ప్లేట్ ఇరుక్కుని తిరుగుతుంది. పెడల్ తొక్కినప్పుడు రిలీజ్ బేరింగ్ ఆ స్ప్రింగ్ ఫింగర్లను నెట్టి ఒత్తిడిని తీసివేస్తుంది. ఈ ఏర్పాటు ఎంత టార్క్‌ను, అంటే ఎంత తిప్పుబలాన్ని, జారకుండా మోయగలదన్నది నాలుగు సంఖ్యల గుణకారం: లైనింగ్ రాపిడి గుణకం, నొక్కే బలం, ప్లేట్ సగటు వ్యాసార్ధం, రాపిడి ముఖాల సంఖ్య.

ఉదాహరణకు బయటి వ్యాసం 200 మిల్లీమీటర్లు, లోపలి వ్యాసం 140 మిల్లీమీటర్లు ఉన్న ప్లేట్‌కు సగటు వ్యాసార్ధం 85 మిల్లీమీటర్లు. దాని మీద 4,500 న్యూటన్ల ఒత్తిడి, 0.3 రాపిడి గుణకం, రెండు ముఖాలు అనుకుంటే క్లచ్ మోయగల మోతాదు సుమారు 230 న్యూటన్ మీటర్లు వస్తుంది. 2020లో మన దేశ మార్కెట్‌లోకి వచ్చిన ఒక లీటరు టర్బో ఫోక్స్‌వ్యాగన్ పోలో కంపెనీ నుంచి 175 న్యూటన్ మీటర్లతో వచ్చింది. అటువంటి కారుకు పై లెక్క ప్రకారం మూడో వంతుకు దగ్గరగా మిగులు ఉంటుంది. ఇంజిన్ కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ మార్చి టార్క్‌ను 230 దాకా తీసుకుపోయినప్పుడు ఆ మిగులు మొత్తం హరించుకుపోతుంది. ప్లేట్ కొంత అరిగి, లైనింగ్ కాస్త వేడెక్కిన రోజున నాలుగో గేరులో, నిమిషానికి రెండువేల చుట్ల వేగం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కగానే ఆర్‌పీఎం ముల్లు ఎగిరిపోతుంది గాని బండి వేగం పెరగదు. క్లచ్ స్లిప్ అవుతోందని మెకానిక్ చెప్పేది ఈ స్థితినే.

ఇక్కడి నుంచి దారులు చీలుతాయి. నొక్కే బలాన్ని 4,500 నుంచి దాదాపు 5,900 న్యూటన్లకు పెంచితే మోతాదు 300 న్యూటన్ మీటర్లకు చేరుతుంది. కాని ఆ భారమంతా ప్రతిసారీ ఎడమకాలు మోయాలి, రిలీజ్ బేరింగ్, హైడ్రాలిక్ సిలిండర్ సీళ్లు మోయాలి, పెడల్ తొక్కి ఉంచినంత సేపూ క్రాంక్‌ను ముందుకు జరగకుండా పట్టే థ్రస్ట్ బేరింగ్ మోయాలి. స్ప్రింగ్‌ను ముట్టుకోకుండా 0.4 గుణకమున్న సిరామిక్ లైనింగ్ వేసినా దాదాపు అదే మోతాదు వస్తుంది, పెడల్ బరువూ మారదు. కాని అటువంటి లైనింగ్ మెల్లగా పట్టుకోవడం ఎరుగదు, హాఫ్ క్లచ్‌లో బండి గుంజుతూ అదురుతూ కదులుతుంది, ఫ్లైవీల్ ముఖాన్ని కూడా త్వరగా తినేస్తుంది. రెండు ప్లేట్లు వాడి ముఖాలను నాలుగు చేసే మూడో దారి బలంలో మేలైనదే గాని ధరలోనూ, బిగింపులో కావలసిన నేర్పులోనూ వీధి కారుకు భారమే. మధ్య మార్గంగా కంపెనీ లైనింగ్ జాతికే చెందిన, కాస్త మెరుగైన ఆర్గానిక్ ప్లేట్‌ను ఒక మోస్తరు గట్టి ప్రెజర్ ప్లేట్‌తో కలిపి వాడడం అనేకమందికి చప్పగా తోస్తుంది. వీధిలో తిరిగే కారుకు సరైనది అదేనన్నది ఈ కాలమ్ నిశ్చితాభిప్రాయం.

ఆ అభిప్రాయానికి ఆధారం బూదికోట లాంటి ఊరి నుంచి కారు నిజంగా నడిచే దారిలోనే ఉంది. హైదర్ అలీ జన్మస్థలంగా చరిత్రకెక్కిన ఈ ఊరి కారు బంగారుపేట దాటి, హొసకోట మీదుగా కె.ఆర్. పురం చేరేసరికి బెంగళూరు రద్దీలో చిక్కుకుంటుంది. సెలవు రోజు తెల్లవారుజామున అదే కారు హొసకోట, బేతమంగళల మధ్య వాడుకలోకి వచ్చిన బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కుతుంది. క్లచ్ ఎంచుకునేటప్పుడు యజమాని మనసులో మెదిలేది ఎక్స్‌ప్రెస్‌వే. క్లచ్‌ను అరగదీసేది మాత్రం కె.ఆర్. పురం. పెడల్ వదిలేసి సాఫీగా పోతున్నంత సేపు ప్లేట్ జారదు, జారనిది వేడెక్కదు, అరగదు. నిలిచిన బండిని ఇంజిన్ వేగం స్థిరంగా ఉంచి కదిలించినప్పుడు బండి సంపాదించిన గతిశక్తికి సమానమైన శక్తి క్లచ్‌లో వేడిగా మారుతుంది. 1,100 కిలోల బండి గంటకు 15 కిలోమీటర్ల దగ్గర పట్టు కుదుర్చుకుంటే ఆ వేడి తొమ్మిదిన్నర కిలోజౌళ్లు. సిగ్నల్ దగ్గర ఆడంబరంగా బయలుదేరి 40 దాకా ప్లేట్‌ను జారనిస్తే 68, అంటే ఏడు రెట్లు. రద్దీలో నిమిషానికి రెండుమూడు సార్లు కదిలి ఆగే బండిలో ఆ వేడి క్లచ్‌ను కప్పి ఉంచే బెల్ హౌసింగ్ దాటి పోయే లోపే మరో విడత వచ్చి చేరుతుంది.

ఈ వేడికి భారీ యంత్రాల్లో వేరే జవాబుంది. 1964లో ఏర్పడిన బెమల్ సంస్థ ఇదే ప్రాంతంలోని కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్)లో బుల్డోజర్లు తయారుచేసింది. భారీ బుల్డోజర్ల స్టీరింగ్ క్లచ్‌లు అనేక ప్లేట్లతో నూనెలో మునిగి ఉంటాయి, నూనె వేడిని మోసుకుపోతుంది. మాన్యువల్ కారులోని పొడి క్లచ్‌కు ఆ సదుపాయం లేదు. అందుచేత లైనింగ్ మితిమీరి కాలితే పైపొర అద్దంలా నునుపెక్కి, ఆ తరువాత ఎంత గట్టి స్ప్రింగ్ నొక్కినా పట్టు దొరకదు.

ప్లేట్ నడిబొడ్డున గుండ్రంగా అమర్చిన చిన్న కాయిల్ స్ప్రింగులను పోటీ కార్ల ప్లేట్లలో తీసివేస్తారు. మూడు సిలిండర్ల ఇంజిన్ క్రాంక్ ఒక చుట్టుకు ఒకటిన్నర సార్లే తోపు ఇస్తుంది గనుక ఆ కుదుపును మింగే స్ప్రింగులు లేకపోతే గేర్‌బాక్స్ నిలిచిన చోటే గడగడలాడుతుంది. వీధి కారులో వాటిని వదులుకోకూడదు. మోతాదుకు మించిన క్లచ్ మరో హాని కూడా తెస్తుంది: ఇంతకాలం పాత క్లచ్ కాస్త జారి ఫ్యూజులా మింగిన దెబ్బను గేర్ల పళ్లకూ డ్రైవ్‌షాఫ్ట్‌కూ అప్పగిస్తుంది, అవి విరిగితే అయ్యే ఖర్చు క్లచ్ సెట్‌కు అనేక రెట్లు. వాస్తవ టార్క్‌కు నాలుగో వంతు, మహా అయితే మూడో వంతు మిగులు చాలు. సగానికి మించిన మిగులు కొనడం అనవసరం.

ఇంజిన్ శక్తి పెంచే ముందు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులను నిషేధిస్తుందనీ, 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ నిబంధనను గట్టిగా సమర్థించిందనీ యజమానికి తెలిసి ఉండాలి. వీధి మీద కాకుండా వేగం తేల్చుకోవడానికి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోనూ, కోయంబత్తూరులోనూ ట్రాక్‌లున్నాయి.

క్లచ్ మార్చడానికి గేర్‌బాక్స్ దించిన రోజున క్రాంక్ వెనుక ఆయిల్ సీల్‌ను కూడా మార్చాలి, ఒక్క చుక్క నూనె కొత్త లైనింగ్‌ను పాడుచేయగలదు. ఫ్లైవీల్ ముఖం మీద నీలి మచ్చలు కనిపిస్తే, అది చెక్కడానికి వీలున్న రకమైతే, లేత్ మీద చదును చేయించాలి. ప్లేట్ ఎక్కే గేర్‌బాక్స్ షాఫ్ట్ గాళ్లకు, అంటే స్ప్లైన్‌కు, గ్రీజు పల్చగా రాసి మిగిలింది తుడిచేయాలి. కొత్త ప్లేట్ ముఖం ఫ్లైవీల్ ముఖంతో పొత్తు కుదుర్చుకోవడానికి సుమారు 800 కిలోమీటర్ల నెమ్మది నడక చాలామంది తయారీదారులు అడుగుతారు, ఆ నడక పూర్తయ్యేదాకా పూర్తి టార్క్ వాడకూడదు; ఎక్స్‌ప్రెస్‌వే మీద ఒకే గేరులో పోయిన కిలోమీటర్లను అందులో కలుపుకోకూడదు, ఎందుకంటే ఆ పొత్తు పెడల్ పైకి లేచే క్షణాల్లోనే కుదురుతుంది, ఆ క్షణాలు బూదికోట నుంచి బంగారుపేట సంత దాకా పోయివచ్చే దారిలోనే ఎక్కువ.